ఎండ మండుతుంటే ఐసీయూలో యూపీఎస్ ఎందుకు అరిచింది?

(ఆసుపత్రుల నిర్వాహకులు, నర్సింగ్ అధికారులు, మెయింటెనెన్స్ సిబ్బంది పాల్గొన్న సమావేశంలో ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ "సోలార్ నిపుణులు" అన్నారు. ఆ మాట కాస్త సరిచేసుకోవాలి. నేను కరెంటు పనివాణ్ని. ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రుల ప్యానెల్ బోర్డుల ముందు, జనరేటర్ గదుల్లో గడిపినవాణ్ని. సోలార్ ఆ పనిలోకి తర్వాత వచ్చి చేరింది. అందుకని ఈ రోజు పైకప్పు కంటే కింది గదుల గురించే ఎక్కువ మాట్లాడతాను. ముందే చెబుతున్నాను, తర్వాత తిట్టుకోవద్దు. (నవ్వులు)

ఒక ఆసుపత్రి సంగతి చెబుతాను. పేరు అక్కర్లేదు. పైకప్పు నిండా కొత్త సోలార్ ప్లాంటు, ప్రారంభించి నాలుగు నెలలైంది. ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు సూపరింటెండెంట్ గారు నాకు ఫోన్ చేశారు. గొంతులో కంగారు. "కరెంటు పోయిందండీ. పైన ఎండ మండిపోతోంది. అంత సోలార్ పెట్టించాం కదా, మరి ఐసీయూలో యూపీఎస్ ఎందుకు అరుస్తోంది?" అన్నారు. జనరేటర్ సంగతేమిటని అడిగాను. స్టార్ట్ కావడం లేదన్నారు. తర్వాత తెలిసింది ఏమిటంటే, సోలార్ వచ్చాక వాళ్ళు జనరేటర్‌ను పట్టించుకోవడం మానేశారు. వారం వారం చేసే ట్రయల్ రన్ ఆగిపోయింది. స్టార్టర్ బ్యాటరీలు చచ్చిపోయాయి. యూపీఎస్‌లో ఇరవై నిమిషాల బ్యాకప్ ఉంది. చివరికి అక్కడి ఎలక్ట్రీషియన్ రెండు అంబులెన్సుల బ్యాటరీలు విప్పి తెచ్చి, రెండు పన్నెండు వోల్టులూ సిరీస్‌లో కలిపి జనరేటర్‌ని లేపాడు. అప్పటికి యూపీఎస్‌లో ఎన్ని నిమిషాలు మిగిలాయో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ సోలార్ ప్లాంటులో ఏ లోపమూ లేదు. గ్రిడ్, అంటే బయటి లైను నుంచి వచ్చే కరెంటు, పోయింది, అది ఆగిపోయింది. అది చేయాల్సిన పని అదే. తప్పు యంత్రంలో లేదు, మాటలో ఉంది.

మనం "ఇన్వర్టర్" అంటే ఏమనుకుంటాం? కరెంటు పోతే ఫ్యాన్లు తిప్పేది, కింద బ్యాటరీ ఉండేది. సోలార్ మనిషి వచ్చి "సార్, యాభై కిలోవాట్ల ఇన్వర్టర్లు రెండు పెడుతున్నాం" అనగానే, వినేవాళ్ళ మనసులో ఆ బ్యాటరీ పెట్టె బొమ్మే కదులుతుంది. ఆన్‌గ్రిడ్ సోలార్ ఇన్వర్టర్ వేరే జాతి. అందులో బ్యాటరీ ఉండదు. ప్యానెళ్ళ నుంచి వచ్చే డీసీని (ఒకే దిశలో పారే కరెంటుని) ఏసీగా (దిశ మారుతూ పారే మామూలు కరెంటుగా) మార్చి, గ్రిడ్ వోల్టేజీకి, ఫ్రీక్వెన్సీకి (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దానికి) అడుగులో అడుగు వేస్తూ బిల్డింగ్‌లోకి పంపుతుంది. తనంతట తాను పాట ఎత్తుకోలేదు. పాడేవాడు ఉంటేనే వంత పాడుతుంది. గ్రిడ్ పాడటం ఆపితే ఇదీ ఆపేస్తుంది.

కావాలనే అలా తయారుచేశారు. లైను తెగింది, స్తంభం ఎక్కి లైన్‌మన్ పని చేస్తున్నాడు అనుకోండి. అటువైపు నుంచి సరఫరా లేదని అతని నమ్మకం. ఇటువైపు మీ ఆసుపత్రి పైకప్పు లైనులోకి కరెంటు తోస్తుంటే అతని ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్‌తో బంధం తెగిందని గుర్తించి ఇన్వర్టర్ ఆగిపోవాలి. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ 1547 ప్రమాణం దానికి ఇచ్చే గడువు 2 సెకన్లు. ఎలా గుర్తిస్తుంది అనేది నాకు చాలా ఇష్టమైన విషయం, ఒక్క నిమిషం ఓపిక పట్టండి. ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని ఎప్పుడూ కాస్త అటూ ఇటూ నెట్టి చూస్తుంటుంది. గ్రిడ్ గోడ లాంటిది, ఎంత నెట్టినా కదలదు. గ్రిడ్ పోయి మీ బిల్డింగ్ ఒక్కటే మిగిలితే అది గోడ కాదు, గడియ లేని తలుపు. నెట్టగానే కదులుతుంది. కదిలిందంటే అవతల ఎవరూ లేరని అర్థం. వెంటనే ఆపేస్తుంది.

కాబట్టి ఆన్‌గ్రిడ్ సోలార్ బిల్లు తగ్గించే యంత్రం. ఆపదలో ఆదుకునే యంత్రం కాదు. ఈ రెంటినీ కలిపేసుకున్న ఆసుపత్రులు నాకు చాలానే తెలుసు. మొదట చెప్పింది వాటిలో ఒకటి మాత్రమే.

మరి అలాంటప్పుడు ఎందుకు పెట్టాలి అని మీలో కొందరి ముఖాల్లో కనిపిస్తోంది. పెట్టాలి. నేను సోలార్ వద్దనే మనిషిని కాను. ఆసుపత్రికి సోలార్ కుదిరినంతగా చాలా బిల్డింగులకు కుదరదు. ఇంట్లో మనుషులు పగలు బయటికి పోతారు, వాడకం సాయంత్రం పెరుగుతుంది. ఆసుపత్రి అలా కాదు. ఓపీ పొద్దున్నే. ముందుగా అనుకున్న ఆపరేషన్లు పొద్దున్నే. ల్యాబు, ఎక్స్‌రే, సీటీ, లాండ్రీ, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవులు అన్నీ పగటి పనులే. అన్నిటికంటే పెద్ద వాడకం గదులు చల్లబరిచే ఏసీది. ఎండ ఎంత ముదిరితే ఏసీ అంత లాగుతుంది, ప్యానెళ్ళు కూడా అప్పుడే బాగా ఇస్తాయి. తయారైన కరెంటు అక్కడికక్కడే ఖర్చైపోతుంది. ఆదివారాలు కూడా ఆసుపత్రి నిద్రపోదు. వైద్యరంగం వల్ల వెలువడే కర్బన ఉద్గారాలు ప్రపంచం మొత్తం మీద 4.4 శాతం అని హెల్త్ కేర్ వితౌట్ హార్మ్ సంస్థ 2019 నివేదికలో లెక్క తేల్చింది. ఊపిరితిత్తుల జబ్బులకు వైద్యం చేసే చోటే పొగకు కారణమవుతున్నాం, అది కూడా ఒక ఆలోచన.

ఇంకో పక్క కూడా ఉంది. అసలు కరెంటే సరిగా లేని ఆసుపత్రుల మీద ఆధారపడినవాళ్ళు పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లో దాదాపు 100 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు మరో రెండు సంస్థలతో కలిసి 2023 జనవరిలో ఇచ్చిన నివేదిక చెప్పింది. వాళ్ళకు కావలసింది ఆన్‌గ్రిడ్ కాదు, బ్యాటరీతో కూడిన సోలార్. గ్రిడ్ రోజుకు నాలుగైదు సార్లు పోయే చోట ఉత్త ఆన్‌గ్రిడ్ పెట్టి ప్రయోజనం తక్కువ. గ్రిడ్ తిరిగి వచ్చాక కూడా ఇన్వర్టర్ వెంటనే కలవదు, చాలా వాటిలో ఐదు నిమిషాలు వేచి చూసే అమరిక ఉంటుంది. నాలుగైదు సార్లు పోతే ఆ వేచి చూడటాలకే మంచి ఎండ కొంత కరిగిపోతుంది.

ఆ ఐదు నిమిషాలు గుర్తు పెట్టుకోండి. వాటితో ఇప్పుడు పని పడుతుంది.

గ్రిడ్ పోయింది. సోలార్ ఆగిపోయింది. యూపీఎస్‌లు ఐసీయూని, ఆపరేషన్ థియేటర్‌ని పట్టుకున్నాయి. పది పదిహేను సెకన్లలో జనరేటర్ లేచింది, సరఫరాని జనరేటర్ మీదికి మార్చే ఛేంజోవర్ స్విచ్చి పడింది, లైట్లు వెలిగాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఇప్పుడు పైనున్న సోలార్ ఇన్వర్టర్ వైపు నుంచి చూడండి. దాని తీగల మీద మళ్ళీ వోల్టేజీ కనిపిస్తోంది. ఫ్రీక్వెన్సీ సరిగానే ఉంది. అది గ్రిడ్డా, జనరేటరా? ఇన్వర్టర్‌కి తెలియదు. ఐదు నిమిషాలు చూస్తుంది. అంతా నిలకడగా ఉంటే గ్రిడ్ వచ్చిందనుకుని కలుస్తుంది. జనరేటర్‌తో కలుస్తుంది!

కలిస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. జనరేటర్ 200 కిలోవాట్లది. ఆ సమయంలో ఆసుపత్రి లోడు, అంటే వాడకం, 100. సోలార్ 80 ఇస్తోంది. జనరేటర్ మీద మిగిలింది 20, అంటే దాని శక్తిలో పదో వంతు. డీజిల్ ఇంజనుకు 30 శాతం లోడైనా లేకపోతే డీజిల్ సరిగా మండదు. కాలీ కాలని నూనె పొగగొట్టంలో జిడ్డుగా చేరుతుంది, దాన్ని వెట్ స్టాకింగ్ అంటారు. అది నెమ్మదిగా వచ్చే రోగం. అప్పటికప్పుడు వచ్చే ప్రమాదం వేరే ఉంది. ఏసీ ప్లాంటులో నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ఒకటి ఆగి లోడు 70కి పడిందనుకోండి. సోలార్ 80 ఇస్తూనే ఉంది. మిగిలిన 10 ఎక్కడికి పోతుంది? వెనక్కి, జనరేటర్‌లోకి. రివర్స్ పవర్ రిలే దాన్ని చూసి జనరేటర్‌ని ట్రిప్ చేస్తుంది. గ్రిడ్ లేదు, జనరేటర్ లేదు, జనరేటర్ పోయింది కాబట్టి సోలార్ కూడా లేదు. బిల్డింగ్ మొత్తం చీకటి. ఎండ మాత్రం అలాగే మండుతుంటుంది.

దీనికి రెండు దారులు. ఒకటి, జనరేటర్ మీద ఎప్పుడూ 30 శాతానికి తగ్గకుండా చూసుకుంటూ సోలార్‌ని వెనక్కి లాగే కంట్రోలర్. ఇందాకటి లెక్కలో జనరేటర్‌కి 60 వదిలి సోలార్‌ని 40కి కట్టేస్తుంది. కొంత డీజిల్ మిగులుతుంది. మేఘం వచ్చి సోలార్ ఒక్కసారి పడిపోయినా జనరేటర్ అందుకోగలదు. రెండో దారి నాటుది. జనరేటర్ ఆన్‌లో ఉన్నంతసేపు సోలార్‌ని కలవనివ్వకుండా కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్చి లాంటి ఒక కాంటాక్టర్, రెండూ ఒకేసారి కలవకుండా అడ్డుకునే ఒక ఇంటర్‌లాక్. డీజిల్ మిగలదు. కానీ చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. చిన్న ఆసుపత్రుల్లో నేను రెండోదే పెట్టమంటాను. కంట్రోలర్లు అమ్మే మిత్రులు వెనక వరుసలో కూర్చున్నారు, వాళ్ళు నన్ను క్షమించాలి. (నవ్వులు) జనరేటర్ రోజూ గంటల తరబడి నడిచే పెద్ద ఆసుపత్రిలో కంట్రోలర్ తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. నెలకు రెండు గంటలు నడిచే చోట దాని బాగోగులు చూసే మనిషి కూడా ఉండడు.

ఇప్పుడు "పోనీ, బ్యాటరీలు పెడితే?" అనే ప్రశ్న. పెట్టొచ్చు. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను పోర్టోరికో విద్యుత్ వ్యవస్థను మొత్తంగా పడగొట్టింది. ఆ తర్వాతి నెలలో శాన్ హువాన్‌లోని పిల్లల ఆసుపత్రి ఆవరణలో సోలార్ ప్యానెళ్ళు, బ్యాటరీలు బిగించి కరెంటు ఇచ్చారు. అక్కడ ఇన్వర్టర్లు వంత పాడేవి కావు, తామే పాట ఎత్తుకునేవి. గ్రిడ్ ఫార్మింగ్ అంటారు. గ్రిడ్ నుంచి బిల్డింగ్‌ని ఒక స్విచ్చి పూర్తిగా విడదీశాకే అవి మొదలవుతాయి కాబట్టి లైన్‌మన్‌కీ ప్రమాదం లేదు. కానీ బ్యాటరీ ఉన్నా జనరేటర్ తీసేయమని నేను చెప్పను. ముసురు పట్టి మూడు రోజులు ఎండ లేకపోతే ఎంత పెద్ద బ్యాటరీ అయినా ఖాళీ అవుతుంది.

జనరేటర్ ఉంటే చాలు అనుకోవడానికీ లేదు. 2012 అక్టోబరులో శాండీ తుఫాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి జనరేటర్లు 13వ అంతస్తులో ఉన్నాయి. నీళ్ళు అందనంత ఎత్తు. డీజిల్‌ని పైకి తోడే పంపులు మాత్రం బేస్‌మెంట్‌లో ఉన్నాయి. అవి మునిగాయి. సిబ్బంది మెట్ల మీద వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి డీజిల్ అందిస్తూ 13 అంతస్తులు ఎక్కించారు. చివరికి రోగుల్ని వేరే ఆసుపత్రులకు తరలించక తప్పలేదు. ఒక్క దాని మీద ఆధారపడొద్దు అని నేను చెప్పడానికి ఆ మెట్లే కారణం.

అందుకే సోలార్ వాళ్ళని పిలవకముందే ఒక పని చేయమంటాను. కాగితం తీసుకుని, కరెంటు పోతే అర సెకను కూడా ఆగకూడనివి ఏవి, పదిహేను సెకన్లు ఆగగలిగేవి ఏవి, గంట ఆగినా ఫరవాలేనివి ఏవి అని మూడు వరుసలు రాయండి. ఇది నా సొంత తెలివి కాదు. వైద్య స్థలాల వైరింగ్ గురించి ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 60364 ప్రమాణంలోని 710వ విభాగం ఈ తీరులోనే ఆలోచిస్తుంది. ఆపరేషన్ టేబుల్ మీది లైటుకు అర సెకను, మరికొన్నిటికి పదిహేను సెకన్లు. ఈ కాగితం ఇంజనీరు ఒక్కడే రాస్తే తప్పులు పోతాయి. వార్డు సిస్టర్లని కూర్చోబెట్టండి. ఒకచోట నేను రాసిన జాబితాలో వ్యాక్సిన్ ఫ్రిజ్ మూడో వరుసలో ఉంది. తలుపు మూసి ఉంచితే చలి కొంతసేపు నిలుస్తుంది కదా అని నా ధైర్యం. ఒక సిస్టర్ నవ్వి, "సార్, టీకాల రోజు ఆ తలుపు ఎన్నిసార్లు తెరుస్తామో మీకు తెలుసా?" అంది. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. దాన్ని రెండో వరుసలోకి మార్చాం.

ఆ కాగితం తయారయ్యాక సోలార్ ఎక్కడ కలపాలో దానంతట అదే తేలుతుంది. మెయిన్ ప్యానెల్‌లో, మామూలు లోడ్లకు కరెంటు పంచే లోహపు పట్టీ, అంటే బస్‌బార్ మీద. ఐసీయూ, థియేటర్ల లోపలి వైరింగ్ జోలికి పోకూడదు. అక్కడ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ల వెనక విడిగా కట్టిన వ్యవస్థ ఉంటుంది. ఒక తీగ భూమిని తాకినా సరఫరా ఆగకుండా, అలారం మాత్రం మోగేలా దాన్ని కట్టారు. దాన్ని అలా వదిలేయండి.

ఎంత సోలార్ పెట్టాలి? అమ్మేవాళ్ళు పైకప్పు కొలుస్తారు. నేను మీటరు చూడమంటాను. కనీసం కొన్ని వారాల పాటు పదిహేను నిమిషాలకోసారి లోడు నమోదు చేయండి. చల్లగా ఉన్న ఒక ఆదివారం మధ్యాహ్నం లోడు ఎంతకు పడుతుందో చూడండి. మిగిలిన కరెంటుకు విద్యుత్ సంస్థ మంచి లెక్క కడితే పెద్దది పెట్టుకోండి. కట్టకపోతే ఆ ఆదివారం అంకెకు కాస్త అటూ ఇటూగా ఆగండి. పైకప్పు మీద కిలోవాట్‌కి నడిచే దారులతో సహా సుమారు పది చదరపు మీటర్లు కావాలి. ఎండను బట్టి కిలోవాట్‌కి రోజుకు 3 నుంచి 5 యూనిట్లు వస్తాయి. ఒక అంతస్తు ఆరోగ్య కేంద్రానికి పైకప్పే దాదాపు సరిపోవచ్చు. ఎనిమిది అంతస్తుల ఆసుపత్రికి ఎనిమిది అంతస్తుల వాడకం ఉంటుంది, పైకప్పు మాత్రం ఒకటే. అక్కడ సోలార్ మొత్తం బిల్లులో ఒక చిన్న వాటానే తీరుస్తుంది. "జీరో బిల్లు" అని ఎవరైనా అంటే అంతస్తులు లెక్కపెట్టమనండి. పార్కింగ్ మీద షెడ్డులా వేస్తే ఇంకొంత కలిసొస్తుంది, కార్లకూ నీడ.

ఇంకో మాట. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఎండలో ప్యానెల్ లోపల 65 డిగ్రీలు ఉండొచ్చు. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 40 డిగ్రీలకు 14 శాతం అక్కడే పోతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ, వేడి ఎక్కువైతే తక్కువ. ప్యానెల్ కింద గాలి ఆడాలి.

పవర్ ఫ్యాక్టర్ అంటే తీసుకున్న కరెంటులో నిజంగా పనిచేసే వాటా. అక్కడ చాలామంది దెబ్బ తింటారు. లోడు 100 కిలోవాట్లు, పని చేయకుండా ఊరికే అటూ ఇటూ తిరిగే రియాక్టివ్ పవర్ 48 కేవీఏఆర్ (దాని కొలత), అంటే పవర్ ఫ్యాక్టర్ 0.9. బాగుంది. ఇప్పుడు సోలార్ 70 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి తీసుకునేది 30. రియాక్టివ్ మాత్రం అదే 48. మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.53కి పడిపోతుంది. లోపల ఏదీ చెడిపోలేదు, కానీ బిల్లులో జరిమానా! యూనిట్లు తగ్గాయి, బిల్లు అనుకున్నంత తగ్గలేదేమిటని తలలు పట్టుకుంటారు. ఇన్వర్టర్‌ని రియాక్టివ్ కూడా ఇచ్చేలా సెట్ చేయొచ్చు, రియాక్టివ్ అందించే కెపాసిటర్ ప్యానెల్‌కి కరెంటు కొలిచి చెప్పే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఎక్కడుందో చూసుకుని సరిచేయొచ్చు. ఒప్పందంలోనే రాయించుకోవలసిన విషయం ఇది.

ఇక పైకప్పుకి వెళ్దాం. బరువు గురించి అందరూ అడుగుతారు. ప్యానెల్ చదరపు మీటరుకు పదకొండు పన్నెండు కిలోలు, స్టాండు అదనం. చాలా శ్లాబులు మోస్తాయి, అయినా స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా ఎక్కించొద్దు. అసలు భయం గాలిది. పెనుగాలి ప్యానెల్‌ని కిందికి నొక్కడం కంటే పైకి లేపడమే ఎక్కువ. మూలల్లో, పిట్టగోడ అంచుల్లో మరీ ఎక్కువ. అందుకని అంచులు వదిలేయాలి. పిట్టగోడకు ఆనించి ఒక వరుస ఎక్కువ పెట్టించుకుందామనే ఆశ మానుకోండి.

స్టాండు బిగించడానికి శ్లాబుకు రంధ్రాలు పెడతారు. వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింటుంది. మామూలు ఆఫీసులో పైకప్పు కారితే బకెట్ పెడతారు. థియేటర్‌లో కారితే థియేటర్ మూసేయాలి. అంతకంటే కంటికి కనిపించనిది దుమ్ము. శ్లాబు డ్రిల్లింగ్ దుమ్ములో, పాత గోడల ధూళిలో ఆస్పర్జిల్లస్ అనే బూజు బీజాలు ఉండొచ్చు. మీకూ నాకూ ఏమీ కాదు. కీమోథెరపీలో ఉన్నవాళ్ళకి, అవయవ మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ళకి అది ఊపిరితిత్తుల్లో పాకే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్. ఏసీ ప్లాంటు తాజా గాలి తీసుకునే కిటికీ చాలాసార్లు ఆ పైకప్పు మీదే ఉంటుంది. కాబట్టి డ్రిల్లింగ్ మొదలయ్యేలోపు ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ముందు కూర్చోవాలి. ఏ రోజు, ఎక్కడ, ఏ కిటికీ మూసి, ఏ ఫిల్టర్ మార్చి అనేది రాసుకోవాలి. సోలార్ కంపెనీ వాళ్ళకి ఈ సంగతి తెలియదు. తెలియాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. చెప్పవలసింది మీరు.

పైకప్పు మీద ఇంకా ఏమేం ఉన్నాయో ఎక్కి చూడండి. ఐసొలేషన్ వార్డు ఎగ్జాస్ట్, మత్తుమందు గాలి బయటికి వదిలే గొట్టం, వ్యాక్యూమ్ పంపు గొట్టం, జనరేటర్ పొగగొట్టం. ప్యానెళ్ళు కడగడానికి వెళ్ళే కుర్రాడు ఆ గొట్టాల పక్కన గంటలకొద్దీ నిలబడతాడు. అతని దారి దూరంగా పెట్టాలి. జనరేటర్ మసి ప్యానెల్ మీద పడితే నీళ్ళతో పోదు. వాటర్ ట్యాంకు, లిఫ్టు గది నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరుస దెబ్బతినొచ్చు. ఇక నాకు అలవాటైన ఒక గొడవ: పైన ఇంకో అంతస్తు వేయని ఆసుపత్రిని నేను ఇంతవరకు చూడలేదు. ప్యానెళ్ళు 25 ఏళ్ళు ఉండేవి. మూడేళ్ళలో అంతస్తు వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి, విప్పి మళ్ళీ బిగించడం అంటే పని రెట్టింపు.

అగ్ని గురించి. ప్యానెళ్ళకు స్విచ్చి ఆఫ్ అనేది లేదు. ఎండ ఉన్నంతసేపు ఆ తీగల్లో వోల్టేజీ ఉంటుంది, వరుసగా కలిపితే 1000 వోల్టుల వరకు. ఏసీ కరెంటులో ఆర్క్ (గాలిలోంచి దూకే నిప్పుధార) పుడితే కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకి వచ్చి పోతుంది కాబట్టి ఆరిపోయే అవకాశం ఉంటుంది. డీసీలో ఆ సున్నా రాదు, ఆర్క్ అలా మండుతూనే ఉంటుంది. ఎక్కువగా మొదలయ్యే చోటు కనెక్టరు. ఒక కంపెనీ మగ ముక్కని ఇంకో కంపెనీ ఆడ ముక్కలో గుచ్చుతారు. బయటికి సరిపోయినట్టే ఉంటాయి, లోపల పట్టు వదులుగా ఉంటుంది, వేడెక్కుతుంది. ఆసుపత్రిలో మంటలంటే మెట్లు దిగి పరిగెత్తలేని మనుషులు ఉన్నారని అర్థం. డీసీ తీగల్ని బిల్డింగ్ బయటి గోడ వెంట, లోహపు గొట్టంలో దింపండి. ఆక్సిజన్ పైపులు వెళ్ళే షాఫ్టులో కాదు. వీలైతే ఇన్వర్టర్లని పైనే, నీడలో పెట్టి ఏసీ కరెంటుగానే కిందికి తెండి. ఒక బటన్ నొక్కితే వోల్టేజీని వెంటనే దించే ర్యాపిడ్ షట్‌డౌన్ పెట్టించండి. అమెరికా విద్యుత్ కోడ్ 2017 కూర్పు ప్రకారం నొక్కిన 30 సెకన్లలో ప్యానెళ్ళ మధ్య వోల్టేజీ కూడా 80కి దిగాలి. ఆ బటన్ ఎక్కడుందో అగ్నిమాపక సిబ్బందికి చూపించండి. బోర్డు పెడితే సరిపోదు, పిలిచి చూపించండి.

పని అయ్యాక ఐఈసీ 62446 ప్రకారం ఇన్సులేషన్, పోలారిటీ, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ పరీక్షలు చేసి కాగితాలు ఇస్తారు. తీసుకోండి. దానితో ఆగకండి. మిట్టమధ్యాహ్నం, ఎండ పూర్తిగా ఉన్నప్పుడు, థియేటర్లు ఖాళీగా ఉన్న రోజు చూసుకుని, అందరికీ ముందే చెప్పి, గ్రిడ్ మెయిన్ బ్రేకర్ దించండి. జనరేటర్ లేస్తుంది. అందరూ చప్పట్లు కొట్టి వెళ్ళిపోబోతారు. వెళ్ళనివ్వకండి! ఐదు నిమిషాలు ఉంది కదా. ఆరో నిమిషంలో సోలార్ కలవాలని చూస్తుందా, ఇంటర్‌లాక్ ఆపుతుందా, జనరేటర్ శబ్దం మారుతుందా అన్నది అప్పుడు తెలుస్తుంది. నేను పది నిమిషాలు వాచీ చూసుకుంటూ నిలబడతాను. తర్వాత గ్రిడ్ తిరిగి ఇచ్చినప్పుడు కూడా అంతే.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: సోలార్ వల్ల ఈసీజీ, మానిటర్లలో గీతలు చెదురుతాయా?

మంచి ఇన్వర్టర్, సరైన ఎర్తింగ్ ఉంటే చెదరకూడదు. హార్మోనిక్స్, అంటే కరెంటు అలలో చేరే వంకరలు, మొత్తం 5 శాతం లోపు ఉండాలి. పూర్తి లోడు మీద ఇది తేలిగ్గా వస్తుంది. పొద్దున్నే, సాయంత్రం ఇన్వర్టర్ కొద్దిగా పనిచేసేటప్పుడు శాతం పెరుగుతుంది, కానీ అప్పుడు కరెంటే తక్కువ కాబట్టి భయం లేదు. సోలార్ పెట్టక ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిపించి పెట్టుకోండి. తర్వాత మీ పాత యూపీఎస్ చేసిన తప్పు సోలార్ మీద పడకుండా ఉంటుంది.

ప్రశ్న: ఖర్చు లేకుండా సోలార్ నుంచి ఇంకా ఎక్కువ లాభం పొందే మార్గం ఉందా?

పనివేళలు మార్చండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. లాండ్రీ రాత్రి షిఫ్టులో నడుస్తుంటే పదకొండు గంటలకు తెండి. నీళ్ళ మోటార్లు, ఆటోక్లేవ్ రెండో విడత కూడా అంతే. ఆటోక్లేవ్ మాత్రం పరికరాలు శుద్ధి చేసి పంపే సీఎస్‌ఎస్‌డీ వాళ్ళతో మాట్లాడాకే. సామాను థియేటర్ టైముకి అందకపోతే మీరు మిగిల్చిన యూనిట్లు ఎవరూ లెక్కపెట్టరు.

ప్రశ్న: నేను నైట్ డ్యూటీ సిస్టర్‌నండి. ఈ వైరింగ్ అంతా మాకు అర్థం కాదు. కరెంటు పోయినప్పుడు ఏ సాకెట్ పనిచేస్తుందో మాకు ఎలా తెలుస్తుంది?

ఈ రోజు వచ్చిన వాటిలో ఇదే అసలు ప్రశ్నమ్మా. యూపీఎస్ సాకెట్లకి వేరే రంగు ఉండాలి, పక్కన రాసి ఉండాలి. ఇందాక చెప్పిన బ్రేకర్ పరీక్ష ఒకచోట చేసినప్పుడు, ఒక సిస్టర్ కాగితం, పెన్ను పట్టుకుని ప్రతి మంచం దగ్గరా తిరిగింది. నేను ప్యానెల్ గదిలో మీటర్లు చూస్తూ అంతా బాగుందని రాసుకుంటున్నాను. ఆమె వచ్చి, "ఏడో నంబర్ మంచం సిరంజ్ పంపు మామూలు సాకెట్‌లో ఉంది సార్, రంగు సాకెట్‌లో ఎవరిదో ఫోన్ ఛార్జర్ ఉంది" అంది. పంపు లోపలి బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి సరిపోయింది. ఆ ఛార్జర్ నాదే.